వెనక గదికి లైను

మా అత్త నాగలక్ష్మమ్మ గొంతు వీధి చివరి దాకా వినపడుతుందని పెళ్లయిన వారంలోనే తెలిసింది నాకు. ధర్మవరం నుంచి బెంగళూరు దాకా వినపడుతుందని మాత్రం మొన్న మొన్ననే తెలిసింది.

ఆ రోజు ముందు గదిలో, గోడకు తగిలించిన రౌటర్ కింద కంప్యూటర్ పెట్టుకుని కొత్త ఉద్యోగం ఇచ్చినవాళ్లతో వీడియోలో మాట్లాడుతున్నాను. కొంగు మీద హంసల వరస మూల దగ్గర ఎలా తిరగాలో తెర మీద చూపిస్తున్నాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో కూరగాయల సుంకమ్మ గంప దించింది. మా అత్త వంకాయ ఒకటి ఎత్తి చూసింది.

"ఏమ్మే సుంకమ్మా, పుచ్చువన్నీ ఏరి ఏరి మా ఇంటికే తెస్తాండావా? పురుగుకు కూడా నేనే దుడ్లియ్యల్లనా?"

అవతల తెర మీద ఉన్న అమ్మాయిలందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ స్టూడియో యజమాని లక్ష్మీప్రసన్న గారు మాత్రం నవ్వలేదు. మీటింగు అయ్యాక నన్నొక్కదాన్నే ఉండమన్నారు.

"మీ గీత చాలా బావుంది సువర్ణా. నాకు మీరు కావాలి. కానీ సంతలో కూర్చుని చేసే పని కాదిది. నెలాఖరులోగా ఇంట్లో ఒక నిశ్శబ్దమైన చోటు, ఆగకుండా వచ్చే లైను చూసుకోండి. కుదరకపోతే ఇక్కడికే వచ్చి ఆఫీసులో కూర్చోండి. హాస్టలు నేను చూస్తాను" అన్నారు.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా గీస్తే, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద వేలాడుతూ ఏ పోగు లేవాలో, ఏ పోగు దిగాలో చెబుతాయి. ఇన్నాళ్లూ ఊళ్లో సావుకార్లకు గీసిచ్చాను. నెమలి వాళ్లదీ, పేరు వాళ్లదీ. నేను ఎవరో చీర కట్టుకున్నవాళ్లకు తెలియదు. ఈ స్టూడియో వాళ్లు మాత్రం చీరతో పాటు ఒక చీటీ పెట్టి, అందులో గీసిందెవరో, నేసిందెవరో రాస్తారట. నా పేరు అచ్చులో చూసుకున్న నాడు ఆ చీటీని ఇల్లంతా తిప్పాను. కాబట్టి ఈ పని పోగొట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

బెంగళూరు పోవడమూ ఇష్టం లేదు. మా త్రివేణి రెండో తరగతి చదువుతోంది, పక్కన నేను లేకపోతే నిద్రపోదు. ఇంకో సంగతి కూడా ఉంది. కంప్యూటర్‌లో రాజసంగా నిలబడ్డ నెమలి, మగ్గం మీదికి ఎక్కేసరికి కోడిపెట్ట అయిపోవచ్చు. గీసిన వెంటనే నడి ఇంట్లోకి వెళ్లి, మా ఆయన ఓబిలేష్ నేస్తుంటే పక్కన నిలబడి చూస్తే గానీ నాకు ధైర్యం ఉండదు. హాస్టలు గదిలో మగ్గం ఎక్కడ దొరుకుతుంది? 

ఆ సాయంత్రం అన్నాల దగ్గర విషయం చెప్పాను. మా మామ కదిరప్ప సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, మాట తక్కువ. ఓబిలేష్ నా ముఖం చూసి తల దించుకున్నాడు. మా అత్త మాత్రం తడుముకోలేదు.

"పోతే పో. ఈడ ఎవురూ నిన్ను కట్టేయల్యా. బిడ్డని నేను సూసుకుంటా" అంది, నా కంచంలో ఇంకొంచెం పప్పు వేస్తూ.

ఆ పప్పు కంచంలోనే వదిలేశాను. ఇన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర కలిసి మెలిసి ఉన్నాం కదా, ఒక్క మాట వద్దనకూడదా అనిపించింది. ఇంత సులువుగా వదిలేస్తుందా నన్ను, అని లోపల ఒకటే ఉడుకు. కానీ నాకూ రోషం తక్కువేం కాదు కనుక, "సరే, సూస్తాంలే" అని చెయ్యి కడుక్కున్నాను.

నిశ్శబ్దమైన చోటు మా ఇంట్లో లేకపోలేదు. ముందు గది, నడి ఇంట్లో మగ్గం, దాని వెనక ఒక గది, ఆ గదిని ఆనుకుని వసారా. వెనక గది తలుపేస్తే మగ్గం చప్పుడు కూడా చిన్నగానే వినపడుతుంది. చిక్కల్లా గోడలతోనే. మామ తాత కట్టించిన రాతి గోడలవి. మా గోడలు చూస్తే గుత్తి కోట కూడా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ముందు గదిలో రౌటర్ ఎంత వెలిగినా, నడి ఇంటి గుమ్మం దాటేసరికి వైఫై సొమ్మసిల్లి పడిపోతుంది.

మాకు ఇంటర్నెట్ ఇచ్చిన ఉదయ్ కుమార్‌ను పిలిచాం. వచ్చి గోడను గుద్ది చూసి, చెయ్యి రుద్దుకున్నాడు.

"వైఫై మాట మర్సిపోండి వదినా. కేబులు లాగుదాం. ముందు గదిలో ఒక జాక్, వెనక గదిలో ఒక జాక్ గోడకి పెడ్తా. కరెంటు ప్లగ్గు ఉన్నట్లే ఉంటాది. తీగ గుచ్చుకుంటే సాలు, లైను నిలబడి వస్తాది" అన్నాడు.

మర్నాడు కేబులు చుట్ట, తెల్ల డబ్బాలు, పెద్ద డ్రిల్లు మిషను తెచ్చాడు. మిషను గోడకు ఆనించి మీట నొక్కాడో లేదో, మా మామ అరిచిన అరుపుకు వీధిలో కుక్క లేచి నిలబడింది. ఆయనకు అంత గొంతు ఉందని నాకు అప్పటి వరకూ తెలియదు.

"ఆపప్పా! పడుగు మీద మట్టి పడ్తాది!"

నిజమే. మగ్గం మీద అప్పుడే కొత్త పడుగు, అంటే నిలువు పోగులన్నీ, ఎక్కించారు. పెళ్లికూతురి చీర, మీగడ రంగు పట్టు. గోడ అదిరితే మిద్దె మీది మన్ను, సున్నం అంతా దాని మీదే రాలుతుంది. ఆ మరక ఇక జన్మకు పోదు.

"మిషను లేకుండా ఈ గోడ ఎట్ల దిగుతాది పెద్దాయనా?" అన్నాడు ఉదయ్.

"ఎట్లన్నా దిగనీ. మిషను వద్దు."

ఉదయ్‌కు ఇంకా నాలుగిళ్లు తిరగాల్సి ఉంది. సామానంతా మా గడప పక్కన పెట్టి, "మీ నాయన మనసు మారితే ఫోన్ చెయ్యన్నా" అని ఓబిలేష్‌తో చెప్పి పోయాడు. మా మామ మనసు మారడం కన్నా గోడ తనంతట తాను పక్కకు జరగడం సులువు. 

దారి ఓబిలేష్‌కే తోచింది. రాతి గోడే అయినా రాయికీ రాయికీ మధ్య ఉన్నది మట్టే. సన్నటి ఇనప కడ్డీతో చేత్తో గీక్కుంటూ పోతే అదరకుండానే బెజ్జం పడుతుంది. అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ఎక్కరు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నారు. పాత దుప్పట్లు, పంచెలు అన్నీ తెచ్చి మగ్గాన్ని బాలింత కన్నా భద్రంగా కప్పారు. గోడకు అటు తండ్రి, ఇటు కొడుకు కూర్చుని గీకడం మొదలుపెట్టారు.

"నాయనా, నువ్వు కిందికి దిగిపోతాండావు."

"నేను సక్కగానే ఉండా. నువ్వే మీదికి ఎక్కినావు."

"యాడికి ఎక్కినా? దారం కట్టి గుర్తు పెట్టింది నువ్వే కదా?"

"గుర్తు సరిగ్గానే ఉండాది. నీ కడ్డీయే వంకర."

ఎవరు వంకరో తేలకుండానే రెండు కడ్డీలు గోడ లోపల ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ ఒకేసారి "ఆఁ!" అన్నారు. ఆ తర్వాత రెండో గోడ. మధ్యాహ్నానికి కేబులు ముందు గదిలో దూరి, నడి ఇంటి గోడ మూల వెంట పోయి, వెనక గదిలో తల బయట పెట్టింది. అక్కడ పాత స్విచ్చుబోర్డు పక్కనే ఖాళీ చోటు ఉంటే మామ అక్కడే డబ్బా బిగించమన్నాడు.

ఇక జాకులు. ఓబిలేష్ ఫోన్‌లో వీడియో చూసి, కేబులు పై తొడుగు కోశాడు. రెండు వైపులా జానెడేసి పొడుగు కోశాడు. నేతపని వాడు పోగును ఎప్పుడూ పొట్టిగా కత్తిరించడు, అతుకుకు చెయ్యి ఆడాలి కదా. లోపల సన్నటి రంగు తీగలు, జంటలు జంటలుగా మెలికలు తిరిగి ఉన్నాయి. నారింజ, పచ్చ, నీలం, గోధుమ రంగు, ఒక్కోదానికి తోడు తెల్ల చారది. వాటిని జాక్‌లో నొక్కడానికి ఒక పరికరం కావాలని వీడియోలో చెప్పారు. అది తేవడానికి ఓబిలేష్ ఉదయ్ అంగడికి పోయాడు. 

అప్పుడు మా అత్త కళ్లజోడు పెట్టుకుని వెనక గదిలోకి వచ్చింది.

"ఇదేం పనే? అంతా సిక్కు సిక్కుగా ఉండాది. ఇట్లే గోడలో పెడ్తాడంటనా వాడు?"

ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మా అత్త పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చిక్కులు తీస్తున్న మనిషి. పట్టు పోగుల చిలప ఎంత చిందరవందరగా వచ్చినా దాని కొస దొరకబుచ్చుకుని, ఒక్క పోగు తెగకుండా కండె గొట్టాలకు చుట్టేస్తుంది. ఒక్కో జంట మెలికా విప్పింది. ఒక్కో తీగనూ బొటనవేలి గోరు మీద లాగి నున్నగా చేసింది. రంగుకు రంగు విడదీసి, పాపిట దువ్వినట్టు వరసగా పరిచింది. వెనక గదిలో అయ్యాక ముందు గదిలోకి పోయి అక్కడా అదే చేసింది.

ఓబిలేష్ వచ్చి చూసి మురిసిపోయాడు. "అమ్మా! ఇంత నున్నగా ఎట్ల చేసినావు? ఆ వీడియోలో వాడు కూడా ఇట్ల చేయల్యా!"

మామ చూసి తల ఊపాడు. మా ఇంట్లో అంతకు మించిన సన్మానం లేదు. "భలే ఉందత్తా" అని నేనూ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను, అంత అందంగా ఉంటే?

ఓబిలేష్ జాక్ మీద గుర్తుల ప్రకారం ఏ రంగు గాడిలో ఆ రంగు తీగ పెట్టి నొక్కాడు. మిగిలిన పొడుగును జాగ్రత్తగా మడిచి డబ్బాలో సర్ది, తెల్ల మూత బిగించాడు. సున్నపు గోడకు అది చక్కగా అమరింది. మా అత్త దాన్ని కొంగుతో తుడిచి, రెండు జాకులకూ కుంకుమ బొట్లు పెట్టింది. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే కొత్త నాడె వచ్చినా, కొత్త మిక్సీ వచ్చినా ఆమె చేతి బొట్టు పడాల్సిందే. సాయంత్రం ఉదయ్ వచ్చి, చిన్న టెస్టర్ పెట్టి చూశాడు. అందులో దీపాలు వరసగా ఒక్కొక్కటే వెలిగాయి. "ఏ తీగా తెగల్యా. సూపర్ అన్నా!" అన్నాడు. మా అత్త నా వైపు చూసి కళ్లెగరేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. తెర మీద ముఖాలు అద్దంలో చూసినంత స్పష్టంగా ఉన్నాయి. లక్ష్మీప్రసన్న గారు "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది సువర్ణా!" అన్నారు. ఆ మాట పూర్తయిందో లేదో, ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడిపోయింది. మాట ముక్కలు ముక్కలైంది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. పెద్ద డిజైను పంపిస్తే సగంలో తెగిపోయింది. రెండో రోజూ అదే తంతు.

"వంకాయల బేరమే నయం కదా సువర్ణా, అప్పుడు కనీసం మాట వినపడేది. వచ్చే వారం నుంచి ఇక్కడికే వచ్చెయ్యండి" అన్నారామె. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ మధ్యాహ్నం చెవిన పడింది నాకు. లైను పోయినప్పుడల్లా గోడ అవతల వసారాలో గుయ్యిమని మోత. మోత ఆగితే లైను వస్తోంది. అది మా అత్త కండెలు చుట్టే మోటారు. దాని కరెంటు తీగ నా గదిలోని ఆ పాత స్విచ్చుబోర్డు నుంచే, జాక్ పక్కగానే పోతుంది.

ఏం చెప్పను? మోటారు ఆపమంటే కండెలు ఉండవు. కండెలు లేకపోతే నాడెలో పేక, అంటే అడ్డం పోగు, ఉండదు, ఓబిలేష్ మగ్గం ఆగుతుంది. పెళ్లివాళ్ల చీర ఆగుతుంది. నా పని నడవాలంటే వాళ్ల పని ఆగాలన్నమాట. వంటింట్లో ఓబిలేష్‌కు గుసగుసగా చెప్పాను. మా అత్త గొంతుకు తగ్గ చెవులే ఇచ్చాడు దేవుడు. వాకిట్లోంచే వినేసింది.

ఆ తర్వాత లైను చెక్కుచెదరలేదు. దేవుడు నా మొర ఆలకించాడనుకుని హంసల పని చాలా వరకు ముగించాను. నీళ్లకని బయటికొచ్చి చూస్తే, మోటారు ప్లగ్గు ఊడబెరికి ఉంది. అటక మీది పాత రాట్నం దించుకుని, మా అత్త చేత్తో తిప్పుతోంది. నాలుగు చుట్లు తిప్పడం, కుడి భుజం నొక్కుకోవడం.

"ఏంటికత్తా ఇది?"

"ఆ మోటారు సప్పుడు నాకు నచ్చల్యా."

"ఇన్నేండ్లు నచ్చింది కదా?"

"ఇప్పుడు నచ్చల్యా. పోయి నీ పని సూసుకో, గమ్మునుండు."

చేతి రాట్నం మగ్గం వేగాన్ని ఎక్కడ అందుకుంటుంది? నడి ఇంట్లోంచి ఓబిలేష్ "అమ్మా, కండె!" అని కేక. కాసేపు మగ్గం ఆగడం. మళ్లీ కాసేపు ఆడటం. నేను మోటారు ప్లగ్గు పెట్టబోతే చెయ్యి మీద కొట్టింది. ఇది నావల్ల అయ్యే పని కాదనిపించింది. ఓబిలేష్ దగ్గరికి వెళ్లి, "నేను బెంగళూరు పోతా. మేడంకు ఈ పూటే చెప్పేస్తా. ఈ వయసులో అత్త చేత రాట్నం తిప్పించి నేను బొమ్మలు గీసుకోలేను" అన్నాను. వసారాలో రాట్నం చప్పుడు ఆగిపోయింది. చూస్తే మా అత్త చేతిలో పోగు తెగి ఉంది. ఆమె చేతిలో పోగు తెగడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఓబిలేష్ వెంటనే మగ్గం దిగి, ఉదయ్‌కు ఫోన్ చేశాడు.

ఉదయ్ వచ్చి మళ్లీ టెస్టర్ పెట్టాడు. దీపాలు బ్రహ్మాండంగా వెలిగాయి. నేను మోటారు సంగతి చెప్పగానే అతని ముఖం మారింది. గబగబా మూత మరలు విప్పి, డబ్బాలోకి చూసి, ఓబిలేష్ వైపు తిరిగాడు.

"అన్నా, ఈ తీగల్ని ఎవురన్నా దువ్వినారా ఏంది?"

"దువ్వినేది కాదప్పా. సిక్కు తీసినాం" అన్నాడు ఓబిలేష్ గర్వంగా.

"అది సిక్కు కాదన్నా, పురి! ఫ్యాక్టరీలో కావాలనే రెండేసి తీగల్ని మెలేసి పురి పెడ్తారు. పురి ఉంటేనే పక్క కరెంటు తీగ గోల దీనికి అంటదు. గోరంత విప్పితే పర్వాల్యా, మీరు జానెడు విప్పి మోటారు తీగ పక్కన పెట్టినారు. ఇంగ మోటారు గోలంతా దీంట్లోకే. ఈ టెస్టరు తీగ తెగిందా లేదా అనే సెప్తాది, ఇది సెప్పదు. మొన్న నేనే మూత తీసి సూసింటే సరిపోతాండె." 

ఓబిలేష్ నెత్తి కొట్టుకున్నాడు. మా మామ మిగిలిపోయిన కేబులు ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "ఒక్కో జంటకి ఒక్కో తీరు పురి ఉండాది. పట్టుకి పురి వేయించల్లంటే మనం కూలి ఇస్తాం. ఊరికే ఎవురూ వేయరు. నాకెట్ల తోచల్యా ఇది?" అన్నాడు తనలో తానే.

ఎవరూ మా అత్త వైపు చూడలేదు. అందరూ కావాలని చూడకుండా ఉండటం ఆమెకు తెలిసిపోయింది. 

"నేనే" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "పిల్ల యాడికీ పోకూడదని, లైను బాగా రావల్లని, ఒక్కో తీగ గోరు మీద లాగి చేసినా. నా చేత్తో నేనే పంపిచ్చేస్తాండా."

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి నోట్లోంచి గట్టిగా వచ్చాయి.

"మరి ఆ పొద్దు పోతే పో అని ఎందుకన్నావు? నేను ఎంత బాధపడినానో తెలుసునా నీకు?"

"ఇంగేమనల్ల? పోవద్దంటే నువ్వు ఆగిపోతావు. నాకు తెలీదా నీ సంగతి? పేరొచ్చే పని, అత్త మాట విని మానుకున్నావంటే రేపు నువ్వు నన్ను తిట్టకపోయినా నేనే నన్ను తిట్టుకుంటా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు లేకుంటే ఈ ఇంట్లో నేను ఎవురితో కొట్లాడల్ల? ఈ తండ్రీకొడుకులు నోరే ఇప్పరు."

మా ఆయనా, మామా ఆ మాట నిజమని రుజువు చేస్తూ నోరు విప్పలేదు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అన్ని రోజులూ లోపల పెట్టుకున్న ఉడుకంతా ఎటు పోయిందో పోయింది. ఇంత ఇష్టాన్ని ఇంత మొరటు మాటలో దాచిపెట్టే మనిషిని ఏమనాలో తెలియక, "నీతో నేను పడలేనత్తా" అన్నాను.

ఉదయ్ విప్పిన పొడుగంతా కత్తిరించేశాడు. కేబులు లోపలి నుంచి కొంచెం లాగి, తొడుగు మళ్లీ కోసి, పురి అలాగే ఉంచి కొసలు మాత్రం విడదీశాడు. పరికరం ఓబిలేష్‌కు ఇవ్వబోతే నేను అందుకుని అత్త చేతిలో పెట్టాను.

"నేను ముట్టను తల్లీ. మళ్లా ఏమన్నా చేస్తా."

"నువ్వే నొక్కల్ల. నేను రంగు సూపిస్తా."

మొదటి తీగ భయం భయంగా నొక్కింది. టక్కుమంది. రెండోది నొక్కింది. మూడోదానికి, "ఈ పచ్చదాన్ని ఇంత వంకరగా పట్టుకుంటే ఎట్లప్పా, సరిగ్గా పట్టుకో" అని ఉదయ్‌ను కసరడం మొదలుపెట్టింది. అమ్మయ్య, మా అత్త మళ్లీ మా అత్త అయింది అనుకున్నాను. ముందు గది జాక్ కూడా ఆమే నొక్కింది.

మర్నాడు పొద్దున మీటింగు. తెర మీదికి అందరూ వచ్చారు. లక్ష్మీప్రసన్న గారు హాస్టలు గది గురించి మాట్లాడబోతే, ఈ ఒక్క పూట ఆగమని బతిమాలాను. కిటికీలోంచి వసారాలోకి చూస్తే మా అత్త మోటారు ముందు కూర్చుని ఉంది, స్విచ్చు వేయడం లేదు.

"వెయ్యత్తా."

"నీ మాటలు ముందు అయిపోనీ. మాపటికి చుట్టుకుంటాలే."

"మాపటికి కాదు. ఇప్పుడే వెయ్యి. ఇప్పుడు తెలియకపోతే ఇంగెప్పుడు తెలుస్తాది?"

గుయ్యిమని మోటారు మొదలైంది. నేను తెర ముందుకొచ్చి కూర్చున్నాను. లక్ష్మీప్రసన్న గారు నా హంస మెడ ఇంకొంచెం వంగాలంటున్నారు. మాట తెగలేదు. చెయ్యి ఊపారు, చెయ్యి ఆగలేదు. పెద్ద డిజైను పంపించాను. మొత్తం పోయింది. హంస ముక్కు గురించి ఆమె అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. నా వెనక ఎవరో వచ్చారని అవతలివాళ్ల చూపులు చూశాకే తెలిసింది.

మోటారు తిరుగుతుండగానే వదిలేసి, మా అత్త గదిలోకి వచ్చేసింది. చేతులకు పట్టు నూగు అంటుకుని ఉంది. వంగి తెరలోకి ముఖం పెట్టింది.

"ఏమ్మా, నువ్వేనా ప్రసన్నమ్మ?"

"నేనేనమ్మా" అన్నారామె తడబడి.

"ఆడ మోటారు తిరుగుతాండాది. మా పిల్ల మాట నీకు తెగకుండా వస్తాందా?"

"వస్తోందమ్మా. చక్కగా వస్తోంది."

"ఐతే సెప్పు. నా కోడలు ఇంగ ఆడికి రావల్లనా?"

బెంగళూరులో అందరూ చేస్తున్న పని ఆపేశారు. లక్ష్మీప్రసన్న గారు ఒక్క క్షణం మా అత్త ముఖంలోకి చూశారు. 

"అక్కర్లేదమ్మా. మీ దగ్గరే ఉండనివ్వండి."

"మాట మీద నిలబడల్ల మళ్లా" అంది మా అత్త. లేచి నిలబడి, నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాకు పెళ్లయిన రోజున అక్షింతలు వేసినప్పుడు పెట్టిందేమో, మళ్లీ ఇప్పుడే. తిరిగి మోటారు దగ్గరికి పోయింది. ఆమె నూగు చేతి బరువు పోయాక కూడా నేను తల కదపలేకపోయాను.

"సువర్ణా? సువర్ణా! వినపడుతోందా? మళ్లీ లైను ఆగిపోయినట్టుంది, మీ బొమ్మ కదలడం లేదు" అంటున్నారు లక్ష్మీప్రసన్న గారు.

"లైను బాగానే ఉంది మేడం. నాకే ఏడుపొచ్చింది, అంతే" అని చెప్పి, కళ్లు తుడుచుకుని, హంస ముక్కు దగ్గరికి వచ్చాను.